తీవ్రవాద హింసకు మతమే కారణమా? - శ్రీలంక అనుభవాల ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

మతం పేరుతో హింస జరిగిన ప్రతి సందర్భంలోనూ రెండు సమాధానాలు వినిపిస్తాయి. మతమే హింసకు మూలమన్నది మొదటిది. మతానికి ఇందులో సంబంధమే లేదని, కొందరు దానిని దుర్వినియోగం చేశారని చెప్పేది రెండవది. ఆధారాల ముందు ఈ రెండూ పూర్తిగా నిలవవని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు శ్రీలంకను అధ్యయనక్షేత్రంగా స్వీకరించడమైనది. ఒకే ద్వీపంలో, ఒకే శతాబ్ద కాలంలో బౌద్ధం పేరుతో జరిగిన హింస, లౌకిక జాతీయవాదం పేరుతో జరిగిన హింస, ఇస్లాం పేరుతో జరిగిన హింస కనిపిస్తాయి. ఈ మూడింటినీ పక్కపక్కన ఉంచి పరిశీలించడం, విశ్వాసం, గుర్తింపు, వ్యవస్థ అనే మతంలోని మూడు పార్శ్వాలలో ఏది ఎక్కడ ఎంతవరకు పనిచేసిందో నిర్ధారించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మతం, తీవ్రవాదం, శ్రీలంక, మహావంశం, భిక్షుసంఘం, ఎల్.టి.టి.ఇ., ఈస్టర్ దాడులు, వ్యాఖ్యానం.

1. ఉపోద్ఘాతం:

'మన్' ధాతువు నుండి ఏర్పడిన 'మత' శబ్దానికి తలచినది, భావించినది, అభిప్రాయం అని అర్థాలు. 'అభిమతం', 'సమ్మతం' వంటి పదాలలో ఆ అర్థం నేటికీ నిలిచి ఉంది. శాస్త్రచర్చలలో 'పాణిని మతం', 'ఆలంకారికుల మతం' అన్నప్పుడు ఉద్దేశించేది వారి అభిప్రాయాన్నే. ఆధునిక వ్యవహారంలో ఈ మాట వేరొక అర్థాన్ని సంతరించుకుంది. జనాభా లెక్కలలోను, పాఠశాల ప్రవేశపత్రంలోను మతం అంటే పుట్టుకతో వచ్చే సముదాయ గుర్తింపు. ఆ గుర్తింపు కలిగిన వ్యక్తి ఏమి తలుస్తున్నాడన్న ప్రశ్న అక్కడ రాదు.

కావున 'హింసకు మతం కారణమా?' అన్న ప్రశ్నకు సమాధానం వెతికే ముందు 'మతంలోని ఏది?' అని అడగవలసి ఉంది. ఈ వ్యాసం మతాన్ని మూడు పార్శ్వాలుగా విభజించి చూస్తుంది. దైవం, మోక్షం, ధర్మం, పాపపుణ్యాల గురించిన బోధ, దానికి చేసే వ్యాఖ్యానం 'విశ్వాసం'. 'మనం', 'వారు' అనే సముదాయ విభజన 'గుర్తింపు'. ఆలయం, మసీదు, చర్చి, విహారం, వాటి ఆస్తులు, వాటిని నడిపే గురువర్గం, ఆ వర్గానికి రాజ్యంతో ఉన్న సంబంధం 'వ్యవస్థ'. ఈ మూడూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నప్పటికీ హింసాసందర్భాలలో మూడూ సమానంగా పనిచేయవు. వీటిని కలిపివేసి ఒకే మాటతో వ్యవహరించడం వలననే వాదప్రతివాదాలు ముందుకు సాగడం లేదు.

2. పూర్వపరిశోధనలు:

ఈ అంశంపై గత మూడు దశాబ్దాలలో వచ్చిన పరిశోధనలను స్థూలంగా మూడు దృక్పథాలుగా చూడవచ్చు. మార్క్ యుర్గెన్స్‌మేయర్ 2000లో ప్రచురించిన గ్రంథంలో వివిధ మతాలకు చెందిన తీవ్రవాదులను పరిశీలించి, లోకంలోని వివాదాన్ని దైవానికీ దుష్టశక్తికీ నడుమ సాగే విశ్వసమరంగా వారు చూస్తారని గుర్తించారు. భూమి కోసమో అధికారం కోసమో జరిగే పోరులో రాజీ సాధ్యమే గాని, విశ్వసమరంలో రాజీ ద్రోహమవుతుంది. అదే సంవత్సరం వెలువడిన స్కాట్ ఆపిల్‌బీ రచన, పవిత్రత ద్విముఖమైనదని, అది ప్రాణం తీసే వీరులనూ శాంతి కోసం ప్రాణమిచ్చే వీరులనూ తయారు చేయగలదని వాదించింది. విలియం కెవనా 2009లో, 'మతహింస' అనే వర్గీకరణనే ప్రశ్నించారు. మతం అహేతుకమని, లౌకికరాజ్యం హేతుబద్ధమని ముందే అనుకొని చేసిన విభజన అది అని, ఆ విభజన రాజ్యం చేసే హింసను కప్పిపుచ్చుతుందని ఆయన వాదన.

వీరికి భిన్నంగా రాబర్ట్ పేప్ గణాంకాల మార్గాన్ని అనుసరించారు. 1980 నుండి 2003 వరకు ప్రపంచంలో జరిగిన 315 ఆత్మాహుతి దాడులను సేకరించి, వాటిలో 76 దాడులతో శ్రీలంకకు చెందిన ఎల్.టి.టి.ఇ. మొదటి స్థానంలో ఉందని 2005లో వెలువడిన గ్రంథంలో చూపారు. ఆ సంస్థ మతసంస్థ కాదు. ఈ ఒక్క అంశమే శ్రీలంకను ఈ చర్చకు కేంద్రంగా నిలుపుతుంది. శ్రీలంకలోనే జన్మించిన మానవశాస్త్రవేత్త స్టాన్లీ జయరాజ తంబయ్య 1992లో రాసిన గ్రంథం అహింసను బోధించే బౌద్ధం ఒక దేశపు రాజకీయ హింసలో ఎలా భాగస్వామి అయిందని ప్రశ్నించింది. అది ఆ దేశంలో తీవ్ర వివాదానికి, నిషేధానికి గురైంది.

3. శ్రీలంక - తెలుగువారి అనుబంధం:

2012 జనాభా లెక్కల ప్రకారం శ్రీలంకలో సుమారు 70 శాతం బౌద్ధులు, 12.6 శాతం హిందువులు, 9.7 శాతం ముస్లింలు, 7 శాతానికి పైగా క్రైస్తవులు ఉన్నారు. బౌద్ధులు దాదాపుగా సింహళభాషీయులు, హిందువులు తమిళభాషీయులు. ముస్లింలలో అధికులు తమిళం మాట్లాడినా తమను ప్రత్యేక సముదాయంగా భావిస్తారు. క్రైస్తవులలో సింహళులూ ఉన్నారు, తమిళులూ ఉన్నారు. భాష, మతం కొన్నిచోట్ల కలిసి, కొన్నిచోట్ల విడివడి ఉండడం వలన, హింస ఏ గీతను అనుసరించిందో గుర్తించడం ఇక్కడ సాధ్యమవుతుంది.

ఈ ద్వీపంతో తెలుగునేలకు ప్రాచీనమైన సంబంధం ఉంది. ఇక్ష్వాకుల కాలంనాటి, అనగా క్రీ.శ. 3వ శతాబ్దపు, నాగార్జునకొండ శాసనం అక్కడి సింహళ విహారాన్ని ప్రస్తావిస్తుంది. 1739 నుండి 1815 వరకు కాండీ రాజ్యాన్ని పాలించినవారు మధుర నాయకుల బంధువర్గానికి చెందిన, తెలుగు మూలాలు కలిగిన నాయక్కరు రాజులు. శైవ నేపథ్యం నుండి వచ్చిన ఈ వంశంలోని కీర్తిశ్రీ రాజసింహుడే 1753లో సయాం దేశం నుండి భిక్షువులను రప్పించి, ద్వీపంలో అంతరించిపోయిన ఉపసంపద దీక్షను పునరుద్ధరింపజేశాడు. నేడు శ్రీలంకలోని అతిపెద్ద భిక్షుశాఖ అయిన సయాం నికాయానికి మూలం అదే. దక్షిణభారతం నుండి వచ్చిన రాజవంశం బౌద్ధానికి పోషకురాలు కావడం ఆనాడు అసాధ్యం కాలేదు. సింహళ-బౌద్ధ, తమిళ-హిందూ అనే రెండు సముదాయాలు అనాదిగా శత్రువులన్న భావన చరిత్రకు పూర్తిగా సరిపోదని దీనివలన తెలుస్తుంది.

4. మహావంశం - ఒకే గ్రంథం, రెండు పాఠాలు:

క్రీ.శ. 5వ శతాబ్ద ప్రాంతంలో పాళీభాషలో రచించబడిన 'మహావంశం' సింహళ బౌద్ధుల చారిత్రకస్మృతికి ఆధారగ్రంథం. దుట్ఠగామణి అనే రాజు, చోళదేశం నుండి వచ్చి అనురాధపురాన్ని పాలిస్తున్న ఏళారుణ్ణి ఓడించిన కథ ఇందులో ప్రధానమైనది. రాజు తన శూలంలో ధాతువును నిక్షిప్తం చేసుకొని యుద్ధానికి వెడతాడు. భిక్షువులు వెంట నడుస్తారు. విజయానంతరం, ఇంతమంది మరణానికి కారణమైన తనకు శాంతి ఎక్కడిదని రాజు దుఃఖిస్తాడు. అప్పుడు ఎనిమిదిమంది అర్హతులు వచ్చి, మరణించినవారిలో లెక్కకు వచ్చే మనుష్యులు ఒకటిన్నర మాత్రమేనని ఓదారుస్తారు. త్రిశరణాలను, పంచశీలాలను స్వీకరించినవాడు ఒకడు, త్రిశరణాలను మాత్రమే స్వీకరించినవాడు సగం. మిగిలినవారు మిథ్యాదృష్టి కలవారు గనుక పశుప్రాయులని వారి మాటల సారాంశం.

ప్రాణిహింసను మొదటి శీలంలోనే నిషేధించిన ధర్మం పరిధిలో ఈ ఘట్టం చోటు చేసుకోవడం గమనార్హం. శీలాన్ని రద్దు చేయకుండా, ఆ శీలం వర్తించే ప్రాణుల పరిధి నుండి శత్రువును తొలగించడం ఇక్కడ జరిగింది. ధర్మసూత్రం మారలేదు, 'మనిషి' అన్న మాటకు అర్థం మారింది. మతపరమైన హింసాసమర్థనలను పరిశీలించేవారికి ఈ ప్రక్రియ పదే పదే ఎదురవుతుంది.

అదే మహావంశం ఏళారుణ్ణి ధర్మపరుడైన పాలకునిగా చిత్రిస్తుంది. మిత్రునికీ శత్రువుకూ సమానంగా న్యాయం చేసినవాడని ప్రశంసిస్తుంది. అతడు మరణించిన చోట దుట్ఠగామణి స్మారకం నిర్మించి పూజలు జరిపించాడని, ఆ దారిన వెళ్ళే రాజులు వాద్యఘోష ఆపివేసే ఆచారం ఏర్పడిందని చెబుతుంది. శత్రువును పశువుగా భావించే పాఠం, శత్రువును గౌరవించే పాఠం ఒకే గ్రంథంలో ఒకే కథలో ఉన్నాయి. 20వ శతాబ్దపు రాజకీయ వేదికలు మొదటి పాఠాన్ని ఎంచుకొని ప్రచారం చేశాయి. గ్రంథం హింసను ఆదేశించిందనడం సరికాదు. అయితే ఆ ఎంపికకు కావలసిన సామగ్రి గ్రంథంలో లేదనడం కూడా సరికాదు.

5. భిక్షువు, భాష, అధికారం:

ఆధునిక శ్రీలంకలో మతసముదాయాల మధ్య పెద్ద ఘర్షణ 1915లో సింహళులకూ ముస్లింలకూ మధ్య జరిగింది. మసీదు ముందు నుండి వాద్యాలతో సాగే బౌద్ధ ఊరేగింపు హక్కు తక్షణ వివాదం. చిల్లర వర్తకంలో కోస్తా ముస్లిం వ్యాపారులతో ఏర్పడిన పోటీ దాని వెనుక పనిచేసింది. స్వాతంత్ర్యానంతరం వివాదం మతం నుండి భాషకు మారింది.

ఈ మార్పును గుర్తించడానికి ఇద్దరు నాయకుల జీవితవివరాలు ఉపకరిస్తాయి. సింహళ బౌద్ధుల ఆశలకు ప్రతినిధిగా 1956లో అధికారంలోకి వచ్చిన ఎస్.డబ్ల్యు.ఆర్.డి. బండారనాయకే పుట్టుకతో ఆంగ్లికన్ క్రైస్తవుడు, తరువాత బౌద్ధం స్వీకరించాడు. హిందువులు అధికసంఖ్యలో ఉన్న తమిళులకు నాయకత్వం వహించిన ఎస్.జె.వి. చెల్వనాయకం కడవరకు క్రైస్తవుడే. వివాదం కేవలం విశ్వాసానికి సంబంధించినదైతే ఈ ఇద్దరూ ఆ స్థానాలలో ఉండడం సాధ్యమయ్యేది కాదు.

1956లో సింహళాన్ని ఏకైక అధికారభాషగా చేసే చట్టం వచ్చింది. తమిళులకు ప్రభుత్వోద్యోగాల దారి ఇరుకైంది. 1957 జులైలో ఇద్దరు నాయకులూ అధికార వికేంద్రీకరణకు ఒప్పందం చేసుకున్నారు. 1958 ఏప్రిల్‌లో భిక్షువులు ప్రధాని నివాసం ముందు బైఠాయించగా ఆయన ఆ ఒప్పందాన్ని రద్దు చేశాడు. మరుసటి నెలలోనే తమిళులపై అల్లర్లు చెలరేగాయి. ఇక్కడ పనిచేసినది మతంలోని మూడవ పార్శ్వమైన వ్యవస్థ. గ్రామగ్రామాన విహారం, ఓటర్లపై పలుకుబడి, ప్రభుత్వం తమ మాట వినాలన్న అధికారభావన కలిగిన సంఘం ఒక రాజీకి అడ్డునిలిచింది.

1959 సెప్టెంబరు 25న బండారనాయకేను ఆయన నివాసంలోనే తాల్దువే సోమారామ అనే భిక్షువు కాల్చాడు. ఆయన మరునాడు మరణించాడు. కాషాయం ధరించిన వ్యక్తి ప్రధానిని హత్యచేయడం మతోన్మాదానికి నిదర్శనంగా లోకానికి తోచింది. న్యాయస్థానంలో వెల్లడైన కథ వేరు. కుట్రకు సూత్రధారిగా శిక్షపడిన మాపిటిగమ బుద్ధరక్ఖిత, కెలనియా విహారాధిపతి. 1956 ఎన్నికలలో బండారనాయకే విజయానికి తోడ్పడిన ఆయన, నౌకారవాణా కాంట్రాక్టు, చక్కెర కర్మాగారం వంటి వ్యాపార ప్రయోజనాలు నెరవేరకపోవడంతో విరోధిగా మారాడని విచారణలో తేలింది. ధర్మరక్షణ అన్న మాట వెనుక వ్యాపారం ఉంది. అయితే ఆ వ్యాపారికి అంతటి పలుకుబడి రావడానికి కారణం ఆయన ధరించిన కాషాయమే. మతాన్ని ఈ హత్య నుండి పూర్తిగా వేరుచేసి చూడలేకపోవడానికి హేతువు ఇదే.

1972 రాజ్యాంగం బౌద్ధానికి అగ్రస్థానం కల్పించింది. 1978 రాజ్యాంగం దానిని కొనసాగించింది. 1981లో సుమారు 97,000 గ్రంథాలు, తాళపత్రాలతో కూడిన జాఫ్నా గ్రంథాలయం దగ్ధమైంది. 1983 జులైలో 13 మంది సైనికులను ఎల్.టి.టి.ఇ. హతమార్చిన తరువాత కొలంబో తదితర ప్రాంతాలలో తమిళులపై ఘోరమైన దాడులు జరిగాయి. ఆ దాడులలో తమిళ హిందువులతోపాటు తమిళ క్రైస్తవులూ బాధితులయ్యారు. సింహళ క్రైస్తవులు లక్ష్యం కాలేదు. హింస అనుసరించిన గీత భాషాజాతికి చెందినదని దీనివలన స్పష్టమవుతుంది.

6. దైవం ప్రస్తావన లేని ఆత్మాహుతి:

1976లో ఏర్పడిన ఎల్.టి.టి.ఇ. ప్రత్యేక తమిళరాజ్యం కోసం పోరాడిన లౌకిక సంస్థ. అందులో హిందువులు, క్రైస్తవులు కలిసి పనిచేశారు. 1987 జులై 5న నెల్లియడి సైనికశిబిరంలోకి పేలుడు పదార్థాల వాహనంతో దూసుకుపోయిన సభ్యునితో ఆ సంస్థ ఆత్మాహుతి దాడులు మొదలయ్యాయి. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ, 1993 మే 1న కొలంబోలో అధ్యక్షుడు ప్రేమదాస ఇటువంటి దాడులలోనే మరణించారు. మరణానంతర స్వర్గం, దైవాజ్ఞ, అమరత్వం వంటి భావనలు లేకుండా మనిషి ఆత్మాహుతికి సిద్ధపడడన్న వాదాన్ని ఈ ఉదాహరణ ఖండిస్తుంది.

మార్క్సిస్టు సిద్ధాంతం ప్రకటించుకున్న జనతా విముక్తి పెరమున 1971లోను, 1987-89లోను జరిపిన తిరుగుబాట్లు, వాటిని ప్రభుత్వం అణచిన తీరు ఇదే విషయాన్ని బలపరుస్తాయి. వేలాదిమంది మరణించిన ఆ హింసలో చంపినవారు, చనిపోయినవారు అత్యధికంగా సింహళ బౌద్ధులే.

అయితే ఎల్.టి.టి.ఇ. ఉదాహరణను ఇంకొంత లోతుగా చూడవలసి ఉంది. ఆ సంస్థ మతాన్ని పక్కన పెట్టినా, పవిత్రతను పక్కన పెట్టలేదు. మరణించిన సభ్యులను దహనం చేసే శైవాచారానికి భిన్నంగా ఖననం చేసి, వారికోసం 'తుయిలుం ఇల్లం' అనే నిద్రామందిరాలు నిర్మించింది. ప్రతి ఏటా నవంబరు 27న మహావీరుల దినం పాటించింది. దీపాలు, పూలమాలలు, ప్రతిజ్ఞలు, మెడలో సైనైడ్ గుళిక ఒక దీక్షా సంప్రదాయాన్నే తలపిస్తాయి. త్యాగానికి పవిత్రతను ఆపాదించే శక్తి మతాలకు మాత్రమే పరిమితం కాదని, జాతి అనే భావన కూడా ఆ పని చేయగలదని దీనివలన గ్రహించవచ్చు.

మరొక అంశం కూడా ఉంది. 1990 ఆగస్టు 3న కాత్తాన్‌కుడి పట్టణంలోని రెండు మసీదులలో ప్రార్థనలో ఉన్న వందమందికి పైగా ముస్లింలు ఊచకోతకు గురయ్యారు. ఇందుకు ఎల్.టి.టి.ఇ.యే కారణమన్నది విస్తృతాంగీకారం పొందిన అభిప్రాయం. అదే ఏడాది అక్టోబరులో ఉత్తర ప్రాంతంలోని ముస్లింలను, సుమారు డెబ్భై వేల మందిని, ఆ సంస్థ వెళ్ళగొట్టింది. వారు మాట్లాడే భాష తమిళమే. భాష ఆధారంగా ఏర్పడిన ఉద్యమం అదే భాష మాట్లాడేవారిని మతం ఆధారంగా పరాయివారిని చేసింది. విశ్వాసంతో పనిలేని సంస్థ కూడా మతాన్ని గుర్తింపుగా వాడుకోగలదు. కావున 'లౌకిక హింస', 'మతహింస' అనే రెండు గదులలో ఈ ఘటనలను పూర్తిగా విడదీసి ఉంచడం కష్టం.

7. ఈస్టర్ దాడులు - వ్యాఖ్యానం బలం:

పై ఉదాహరణలను బట్టి హింసకు రాజకీయమే కారణమని, మతం పైపూత మాత్రమేనని నిర్ణయించడానికి అవకాశం ఉంది. 2019 ఏప్రిల్ 21నాటి ఈస్టర్ దాడులు ఆ నిర్ణయానికి అడ్డుతగులుతాయి. కొలంబోలోని సెయింట్ ఆంటోనీ, నెగొంబోలోని సెయింట్ సెబాస్టియన్, బట్టికలోవాలోని జియాన్ చర్చిలలోను, కొలంబోలోని మూడు విలాసవంతమైన హోటళ్ళలోను జరిగిన ఆత్మాహుతి దాడులలో 260 మందికి పైగా మరణించారు.

శ్రీలంక ముస్లింలకు అప్పటికి వాస్తవమైన బాధలున్నాయి. 2012లో ఏర్పడిన బోదు బల సేన హలాల్ ముద్రకు వ్యతిరేకంగా ప్రచారం సాగించింది. 2014 జూన్‌లో అలుత్‌గమలో, 2018 మార్చిలో కాండీ జిల్లాలోని దిగనలో ముస్లింల ఇళ్ళు, దుకాణాలు, మసీదులపై దాడులు జరిగాయి. బాధలే హింసకు పూర్తి కారణమైతే ప్రతీకారం ఆ దాడులు చేసిన వర్గంవైపు మళ్ళవలసింది. దాడి జరిగినది చర్చిలపై. శ్రీలంకలో ముస్లింలకు, క్రైస్తవులకు మధ్య చెప్పుకోదగిన వైరచరిత్ర లేదు. అంతేకాక, దాడి చేసినవారిలో సంపన్న సుగంధద్రవ్య వ్యాపారి కుమారులిద్దరు, విదేశాలలో చదివినవారు ఉన్నారు. కనుక పేదరికం, నిరక్షరాస్యత అన్న సమాధానం కూడా ఇక్కడ సరిపోదు.

చర్చిని శత్రుస్థానంగా చూపినది స్థానిక అనుభవం కాదు, ఇస్లామిక్ స్టేట్ సంస్థ ప్రచారం చేసిన మతవ్యాఖ్యానం. ప్రపంచమంతటినీ విశ్వాసులు, అవిశ్వాసులు అనే రెండు సేనలుగా చూపే ఆ వ్యాఖ్యానంలో నెగొంబోలో ప్రార్థన చేసుకునే మత్స్యకారుని కుటుంబం శత్రుసైన్యమవుతుంది. యుర్గెన్స్‌మేయర్ చెప్పిన విశ్వసమరం ఇదే. ఇక్కడ విశ్వాసం పైపూతగా మిగలలేదు. ఎవరిని, ఎప్పుడు, ఎక్కడ చంపాలన్నది అదే నిర్ణయించింది. ఈ ఘటనలో మతానికి పాత్రే లేదనడం పరిశోధకుడు చేయగల వాదం కాదు.

అదే సమయంలో ఆ వ్యాఖ్యానం శ్రీలంక ఇస్లాంకు ప్రతినిధి కాదనడానికి బలమైన ఆధారాలున్నాయి. దాడులకు నాయకత్వం వహించిన జహ్రాన్ హాషిం కాత్తాన్‌కుడికి చెందినవాడు. అతని మొదటి ప్రత్యర్థులు బౌద్ధులో క్రైస్తవులో కాదు, అతని ఊరిలోని సూఫీ ముస్లింలు. 2017లో వారితో జరిగిన ఘర్షణ తరువాతనే అతడు అజ్ఞాతంలోకి వెళ్ళాడు. అతని బోధల గురించి ముస్లింలే అధికారులకు ఫిర్యాదులు చేశారు. భారత నిఘావర్గాల హెచ్చరిక కూడా ఏప్రిల్ మొదటివారంలోనే శ్రీలంకకు చేరింది. వాటిని పట్టించుకోకపోవడం ప్రాథమిక హక్కుల ఉల్లంఘన అని 2023 జనవరిలో శ్రీలంక సర్వోన్నత న్యాయస్థానం తీర్పు చెప్పి, మాజీ అధ్యక్షుడు మైత్రిపాల సిరిసేన బాధితులకు పది కోట్ల శ్రీలంక రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. ఒక వ్యాఖ్యానం మారణకాండగా మారడానికి పాలనావైఫల్యం దారి ఇచ్చింది.

8. నిరోధకశక్తిగా మతం:

హింసకు మతం కారణమా అన్న చర్చలో, హింస ఆగిన సందర్భాలు సాధారణంగా లెక్కలోకి రావు. ఈస్టర్ దాడుల తరువాత కార్డినల్ మాల్కమ్ రంజిత్ ప్రతీకారానికి పాల్పడవద్దని పదే పదే విజ్ఞప్తి చేశారు. దాడి చేసినవారి మృతదేహాలను తమ శ్మశానాలలో ఖననం చేయనివ్వబోమని ముస్లిం మతపండితుల సంస్థ అయిన అఖిల సిలోన్ జమియ్యతుల్ ఉలమా ప్రకటించింది. ఖననసంస్కారాన్ని నిరాకరించడం ద్వారా ఆ సంస్థ, హంతకులు కోరుకున్న అమరవీర హోదాను మతం లోపలి నుండే తిరస్కరించింది. ముస్లింల పక్షాన మాట్లాడిన బౌద్ధభిక్షువు వతరేక విజిత 2014లో దాడికి గురయ్యారు. 1958లో ఎ.టి. ఆర్యరత్న స్థాపించిన సర్వోదయ శ్రమదాన ఉద్యమం బౌద్ధభావనలైన మైత్రి, కరుణలనే ఆధారంగా చేసుకొని అన్ని సముదాయాల గ్రామాలలోనూ పనిచేసింది. బోదు బల సేనకు, సర్వోదయకు త్రిపిటకం ఒక్కటే. వేరైనది వ్యాఖ్యానం, ఆ వ్యాఖ్యానాన్ని మోసిన నిర్మాణం.

మతానికంతటికీ నేరం అంటగట్టడం వలన కలిగే ఫలితాన్ని కూడా శ్రీలంక చవిచూసింది. 2019 మేలో వాయవ్య ప్రాంతంలో ఏ నేరమూ చేయని ముస్లింల ఇళ్ళు, దుకాణాలు, మసీదులు ధ్వంసమయ్యాయి. 2020లో కోవిడ్‌తో మరణించిన వారందరికీ దహనమే చేయాలన్న నిబంధన వచ్చింది. ఖననం వలన ప్రమాదం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెప్పినప్పటికీ అది 2021 ఫిబ్రవరి వరకు కొనసాగింది. జహ్రాన్ గురించి ముందుగా హెచ్చరించిన సముదాయమే అతని నేరానికి శిక్ష అనుభవించింది. సమాచారమిచ్చే సముదాయాన్ని అనుమానితులుగా చూడడం అన్యాయమే కాక, భద్రత దృష్ట్యా కూడా హానికరం.

9. 'దుర్వినియోగ' వాదం - పరిమితి:

మతం మంచిదే, కొందరు దుర్వినియోగం చేశారన్న వాదం సద్భావంతో చెప్పేది. అయితే దుర్వినియోగం అనడానికి సరైన వినియోగం ఏదో ముందే నిర్ణయమై ఉండాలి. ఆ నిర్ణయం ఎవరిది? అలుత్‌గమలో ఉద్రేకపూరిత ప్రసంగం చేసిన భిక్షువుకూ, దానిని వ్యతిరేకించిన భిక్షువుకూ సంప్రదాయంలో ఆధారాలు దొరుకుతాయి. ఏది నిజమైన బౌద్ధమో చెప్పడం ధర్మాచార్యుల పని. ఏ వ్యాఖ్యానం ఏ పరిస్థితులలో, ఎవరి అండతో బలం పుంజుకున్నదో చెప్పడం పరిశోధకుని పని. ఈ రెండింటినీ కలిపివేసినప్పుడు హింసకు అవకాశమిచ్చే గ్రంథభాగాలు, గురువర్గపు బాధ్యత, సంస్థల మౌనం విమర్శ నుండి తప్పించుకుంటాయి. మతమే కారణమన్న వాదం నిరపరాధులను శిక్షిస్తే, మతానికి సంబంధమే లేదన్న వాదం బాధ్యులకు రక్షణ కల్పిస్తుంది.

10. ముగింపు:

పై పరిశీలన నుండి ఈ క్రింది అంశాలను ఫలితాలుగా పేర్కొనవచ్చు.

1. తీవ్రవాద హింసకు మతం అనివార్యమైన కారణం కాదు. ఎల్.టి.టి.ఇ., జనతా విముక్తి పెరమునల చరిత్ర ఇందుకు నిదర్శనం.

2. మతం తనంత తానుగా హింసకు చాలినంత కారణమూ కాదు. ఒకే బౌద్ధం బోదు బల సేనకూ సర్వోదయకూ, ఒకే ఇస్లాం జహ్రాన్‌కూ అతనిని ఎదిరించిన ముస్లింలకూ ఆధారమైంది.

3. అయినప్పటికీ మతం నిమిత్తమాత్రం కాదు. 1958లో వ్యవస్థగా అది రాజీని ఆపింది. 1990లో గుర్తింపుగా ఒకే భాష మాట్లాడేవారిని విడదీసింది. 2019లో విశ్వాసవ్యాఖ్యానంగా లక్ష్యాన్ని ఎంచింది. ఏ పార్శ్వం పనిచేసిందో గుర్తించకుండా పరిష్కారం సూచించడం సాధ్యం కాదు.

4. హింసాసమర్థనలో కీలకమైన ఘట్టం ధర్మసూత్రాన్ని తిరస్కరించడం కాదు, ఆ సూత్రం వర్తించే మనుష్యుల పరిధిని కుదించడం. మహావంశంలోని 'ఒకటిన్నర మనిషి' ఇందుకు ప్రాచీనమైన ఉదాహరణ. ఈ కుదింపు జాతి, వర్గం, దేశం పేరుతో కూడా జరుగుతుంది.

5. వ్యాఖ్యానాన్ని ఎదుర్కోగలిగినది ప్రధానంగా ప్రతివ్యాఖ్యానమే. ఉలమా ఖననాన్ని నిరాకరించడం వంటి చర్యలకు మతం లోపల ఉన్న ప్రామాణ్యం, బయటి నుండి వచ్చే ఖండనకు ఉండదు.

ఈ దృష్టితో తెలుగు సాహిత్యాన్ని పరిశీలించవలసిన అవసరం ఉంది. పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో కులభేదాన్ని ధిక్కరించే భక్తులు, పరమతస్థులపై కత్తిదూసే భక్తులు ఒకే కావ్యంలో కనిపిస్తారు. మొదటి అంశాన్ని మాత్రమే బోధించి రెండవదాని గురించి మౌనం వహించడం గాని, రెండవదానిని చూపి కావ్యాన్ని మొత్తంగా నిరాకరించడం గాని విద్యార్థికి మేలు చేయదు. గ్రంథంలో రెండు పాఠాలూ ఉన్నాయని చూపి, ఏ కాలం ఏ పాఠాన్ని ఎందుకు ఎంచుకున్నదో అడిగే అలవాటును తరగతిగది కల్పించగలదు. 'మతం' అన్న మాటకు ఉన్న 'అభిప్రాయం' అనే తొలి అర్థం ఇక్కడ మళ్ళీ ప్రయోజనకరమవుతుంది. అభిప్రాయాన్ని పరిశీలించవచ్చు, ప్రశ్నించవచ్చు, మార్చుకోవచ్చు. పుట్టుకతో వచ్చిన గుర్తింపును నేరంగా పరిగణించడం మాత్రం హింసకు మరొక ఆరంభమే అవుతుంది.